వాసన రాని మత్తు

కొడుకు మీద అనుమానం వస్తే తెలుగిళ్ళలో తల్లికి తెలిసిన పరీక్ష ఒక్కటే. అన్నం వడ్డించే నెపంతో కాస్త దగ్గరగా వంగడం. తండ్రయితే ఆ మొహమాటం కూడా పెట్టుకోడు. గుమ్మంలోనే నిలబెట్టి ‘‘ఏదీ, ఊదు’’ అంటాడు. సోంపు నమిలినా, స్ప్రే కొట్టుకున్నా సిగరెట్టూ మందూ గంజాయీ ఏదో ఒక దారిన దొరికిపోయేవి. విప్పి పడేసిన చొక్కా చెప్పేది. దిండు గలీబు చెప్పేది.

ఇప్పుడు పార్టీల్లో చేతులు మారుతున్న సరుకు ఆ ముక్కుకి అందదు. ఎల్‌ఎస్‌డీ బ్లాట్ అంటే చిటికెనవేలి గోరంత కాగితం ముక్క. మీద ఏదో రంగురంగుల బొమ్మ ఉంటుంది. వాషింగ్ మెషీన్‌లో వేసే ముందు జేబులు తడిమే అమ్మ చేతికి దొరికినా బస్సు టికెట్టు చిరుగు అనుకుని చెత్తబుట్టలో వేస్తుంది. ఎండీఎంఏ బిళ్ళ పిల్లల విటమిన్ బిళ్ళలా గులాబీ రంగులోనో నీలంలోనో ఉంటుంది. దాని మీద ఒక నవ్వు మొహమో, కారు కంపెనీ గుర్తో అచ్చు వేసి ఉంటుంది. పొడిగా ఉంటే వంటింట్లో టేస్టింగ్ సాల్ట్ పలుకుల్లా మెరుస్తుంది. పిల్లల నోట్లో దీని పేరు ఎండీ, మోలీ, ఎక్‌స్టసీ. లేదంటే ఉత్త ‘స్టఫ్’.

ఇవి ఎంత చిన్నవో తెలియాలంటే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం లెక్కలు చూడాలి. ‘స్మాల్ క్వాంటిటీ’ అని చట్టం గీసిన గీత గంజాయికి కిలో. ఎండీఎంఏకి అర గ్రాము. ఎల్‌ఎస్‌డీకి 2 మిల్లీగ్రాములు, అంటే ఒక్క ఉప్పు రవ్వంత. గంజాయి మూటని పసిగట్టడానికి పోలీసు కుక్కలున్నాయి. ఈ ఉప్పు రవ్వని ఇంట్లో పసిగట్టాల్సింది అమ్మానాన్నలు.

నిజానికి ఇవేవీ ఈ తరం కనిపెట్టినవి కావు. ఎండీఎంఏని జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మెర్క్ కంపెనీ రసాయనవేత్తలు 1912లోనే తయారుచేశారు. ఎల్‌ఎస్‌డీ 1938లో స్విట్జర్లాండ్‌లోని ఒక మందుల కంపెనీ లేబొరేటరీలో పుట్టింది. పార్టీల్లో తిరిగే మరో సరుకు కెటమైన్‌ని ఆపరేషన్ థియేటర్లలో మత్తుమందుగా ఇవాళ్టికీ వాడుతున్నారు. కొత్తగా మారింది చేరే దారి. బేరం ఫోన్‌లో, డబ్బు యూపీఐలోనో క్రిప్టోలోనో, సరుకు కొరియర్‌లో. 2025లో హైదరాబాద్‌లో పట్టుబడిన ఒక కేసులో కొకైన్ ఆడవాళ్ల హైహీల్స్ మడమలో దూరి పార్సిల్‌గా వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ సంతకం పెట్టి తీసుకుని పైకి తెచ్చిచ్చే పదిరకాల పార్సిళ్ళలో ఇదొకటైతే ఎవరు ఆరా తీస్తారు?

హైదరాబాద్‌లో ఈ గొడవ జనం నోళ్ళలో పడింది 2017 జులైలో. ఎక్సైజ్ శాఖ పట్టుకున్న కేసులో సినిమావాళ్ళ పేర్లు రావడంతో టీవీ ఛానళ్ళకి పండగైంది. విచారణకి ఎవరొచ్చారు, ఏ కారులో వచ్చారు, ఎన్ని గంటలు కూర్చున్నారు అని రోజుల తరబడి లైవ్‌లు నడిచాయి. ఆ రొదలో అసలు కబురు అడుగున పడిపోయింది. ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ కొన్నవాళ్ళలో పేరున్న స్కూళ్ళ పిల్లలున్నారని అప్పటి ఎక్సైజ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టర్ అకున్ సబర్వాల్ అప్పుడే చెప్పారు. హీరోలు విచారణ గదిలోంచి బయటికొచ్చి చెయ్యూపి వెళ్ళిపోయారు. స్కూలు పిల్లల సంగతి ఎవరికీ పట్టలేదు.

2022 మార్చిలో 23 ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి రకరకాల డ్రగ్స్ కలిపి తీసుకుని చనిపోయాడు. ఓవర్‌డోస్ మరణంగా తెలంగాణలో పోలీసులు బయటపెట్టిన మొదటి కేసు అదే. 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో స్కూలు పిల్లలు తేడాగా ప్రవర్తిస్తున్నారేమిటని ఆరా తీస్తే పక్క పాన్ డబ్బాలో కొన్న చాక్లెట్లలో గంజాయి తేలింది. 2025 అక్టోబరులో మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో ఇన్‌స్టాగ్రామ్‌లో పిలుపిచ్చి టికెట్లమ్మి పెట్టిన పార్టీ మీద పోలీసులు పడితే అరవై మందికి పైగా దొరికారు. వాళ్ళలో చాలామందికి పద్దెనిమిది నిండలేదు. పరీక్షలు చేస్తే ఇద్దరికి గంజాయి పాజిటివ్ వచ్చింది.

అరవై మందిలో ఇద్దరు. ఆ సంఖ్యని తల్లిదండ్రులు రెండుసార్లు చదవాలి. పార్టీకెళ్ళిన ప్రతి పిల్లా, పిల్లాడూ మత్తులో తూగుతున్నారన్నది టీవీ స్క్రోలింగ్ సృష్టి. దిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో దేశమంతా తిరిగి చేసిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. పది నుంచి డెబ్భై అయిదేళ్ళ మధ్యవాళ్ళలో ఎక్‌స్టసీ కోవకి చెందిన ఉత్తేజకాలు వాడేవాళ్ళు 0.18 శాతం. గంజాయి, భంగు వాడేవాళ్ళు 2.8 శాతం. మద్యం 14.6 శాతం. అదే నివేదికలో గుండెల్లో గుచ్చుకునే వాక్యం వేరే ఉంది. వైట్‌నర్, సొల్యూషన్ లాంటివి పీల్చే అలవాటు ఒక్కటే పెద్దవాళ్ళలో కన్నా పిల్లల్లో ఎక్కువ. అంటే ఖరీదైన బిళ్ళ కోసం భూతద్దం పట్టుకు తిరిగే ఇంట్లో, ఇరవై రూపాయల ట్యూబు స్కూలు బ్యాగులోనే ఉండొచ్చు.

ఇల్లంతా జల్లెడ పట్టినంత మాత్రాన సరిపోదని చెప్పడానికి ఒక ఇంగ్లండు ఇల్లు ఉంది.

1995 నవంబరు 11, శనివారం రాత్రి. ఎసెక్స్‌లోని లాచింగ్‌డన్ అనే ఊళ్ళో లియా బెట్స్ పద్దెనిమిదో పుట్టినరోజు పార్టీ. పబ్‌లో కాదు, ఫామ్‌హౌస్‌లో కాదు, సొంతింట్లో. తండ్రి పాల్ పోలీసు ఉద్యోగం చేసి మానినవాడు. తల్లి స్థానంలో ఉన్న జానెట్ నర్సు. ఆడపిల్ల పార్టీ చేసుకుంటానంటే ఏ తల్లిదండ్రులైనా కోరుకునే ఏర్పాటు అంతకన్నా ఏముంటుంది? కళ్ళెదుటే ఉంది, తెలిసిన స్నేహితులే వచ్చారు. లియా ఒక ఎక్‌స్టసీ బిళ్ళ వేసుకుంది. కాసేపటికి ఒంట్లో బాగాలేదనిపించింది. బిళ్ళ వేసుకున్నప్పుడు నీళ్ళు బాగా తాగాలని ఆ రోజుల్లో కుర్రకారులో ఒక మాట చలామణిలో ఉండేది. గంటన్నరలో దాదాపు ఏడు లీటర్ల నీళ్ళు తాగింది. ఆ రాత్రే కోమాలోకి జారి, 16న ప్రాణం విడిచింది. ప్రాణం తీసింది బిళ్ళలో కలిసిన విషం కాదనీ, నీళ్ళు ఎక్కువై మెదడు వాచిపోవడమనీ తర్వాత తేలింది.

ఇది వినగానే ‘నీళ్ళు తాగితే చనిపోతారా’ అనిపించడం సహజం. మామూలుగా అయితే ఎక్కువైన నీటిని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. ఎండీఎంఏ శరీరంలో ఒక హార్మోనుని ఎగదోసి ఆ దారిని మూసేస్తుంది. తాగిన నీరంతా లోపలే నిలిచిపోయి రక్తంలో సోడియం పలచబడుతుంది. మెదడు ఉబ్బుతుంది. పుర్రె సాగదు కదా. దీనికి సరిగ్గా తిరగబడిన ప్రమాదం కూడా అదే బిళ్ళతో ఉంది. గాలాడని హాల్లో గంటల తరబడి ఎగిరితే ఒంటి వేడి నలభై డిగ్రీలు దాటి, కండరాలు దెబ్బతిని మూత్రపిండాలు చేతులెత్తేస్తాయి. నీళ్ళు తాగకపోయినా ముప్పే, కడివెడు తాగినా ముప్పే. లియా స్నేహితులకి సగమే తెలుసు. ఆ తెలిసిన సగమే ఆమె ప్రాణం తీసింది.

బిళ్ళలో ఏముందో అమ్మినవాడికీ తెలియదన్నది మరో సంగతి. ఎండీఎంఏ అని చెప్పి అంటగట్టిన దాంట్లో మెఫెడ్రోన్ ఉండొచ్చు, మెథ్ ఉండొచ్చు, ఉత్త కెఫీన్ కూడా ఉండొచ్చు. పనిచెయ్యడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోపు ‘ఏం ఎక్కలేదురా’ అని ఇంకోటి మింగుతారు. మొదటిదీ రెండోదీ ఒకేసారి అందుకుంటాయి. మెఫెడ్రోన్‌ని మన దేశం 2015లో మాదకద్రవ్యాల జాబితాలో చేర్చింది. పదేళ్ళు తిరిగేసరికి, 2025 సెప్టెంబరులో, మహారాష్ట్ర పోలీసులు వచ్చి హైదరాబాద్ శివార్లలోని చర్లపల్లి పారిశ్రామికవాడలో అది తయారయ్యే యూనిట్‌నే పట్టుకుపోయారు. గోవా నుంచి వస్తోంది, బెంగళూరు నుంచి వస్తోంది అని చెప్పుకునే రోజులు పోయాయి.

ఇంట్లోనో పార్టీలోనో పిల్లలెవరైనా పడిపోతే మన చేతులు ముందుగా వెళ్ళేది నిమ్మకాయ మీదికి, మజ్జిగ మీదికి. తాగినవాడి మత్తు దించడానికి మనవాళ్ళు నమ్మే చిట్కాలవి. ఇక్కడ రెండూ పనికిరావు. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేళ్ళు పెట్టి కక్కించడమూ తప్పే. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఒళ్ళు కాలిపోతుంటే గాలి తగిలే చోటికి చేర్చి తడిగుడ్డతో తుడవాలి. 108కి ఫోన్ చెయ్యాలి. డాక్టరుతో అబద్ధమాడకూడదు. ‘బిర్యానీ పడలేదండీ’ అని మొదలుపెట్టి గంట సేపు తిప్పితే ఆ గంటే పోతుంది. జేబులో మిగిలిన బిళ్ళో కాగితమో దొరికితే వెంట తీసుకెళ్ళాలి.

‘పోలీసు కేసవుతుందేమో’ అన్న భయం ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చిన వాళ్ళని కూడా వెనక్కి లాగుతుంది. మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉందని చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. వ్యసనంలో పడ్డవాళ్ళు వాడకం, చిన్న పరిమాణం కేసుల్లో ఉండి, తమంతట తాము ముందుకొచ్చి ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న సంస్థలోనో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి ఆ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ కూడా పోవచ్చు. ఇక పిల్లల చేతిలో మత్తు పెట్టినవాడికి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. చట్టం పిల్లవాడి వైపు ఎంతో కొంత నిలబడింది. ‘పరువు’ పేరుతో ఇల్లే నిలబడదు.

మరి వాసన లేనిదాన్ని ఇంట్లో ఎలా పట్టుకోవాలి? ఎండీఎంఏ తీసుకున్నవాళ్ళకి దవడలు బిగుసుకుంటాయి. అందుకే పార్టీల్లో కొందరి నోట్లో చూయింగ్ గమ్ము, లాలీపాప్ కనిపిస్తాయి. పదిహేడేళ్ళ కొడుకు అర్ధరాత్రి లాలీపాప్ చీకుతూ ఇంటికొస్తే ముచ్చటపడాల్సిన పనిలేదు, అలాగని చెంప పగలగొట్టాల్సిన పనీ లేదు. గదిలో వెలుతురున్నా కంటిపాపలు పెద్దవిగా ఉంటాయి. ఆకలుండదు, నిద్ర పట్టదు. తల్లిదండ్రులందరూ శనివారం రాత్రి కాపలా కాస్తారు గానీ, ఈ మందు బిల్లు మంగళ, బుధవారాల్లో వస్తుంది. మెదడులో సంతోషాన్నిచ్చే సెరొటోనిన్‌ని ఒక్క రాత్రిలో ఖర్చు పెట్టేస్తే వారం మధ్యలో దిగులు, చిరాకు, కారణం లేని ఏడుపు. ఒక్కసారి కనిపిస్తే అది యూనిట్ టెస్టు మార్కుల దిగులు కావచ్చు. వరసగా మూడు వారాంతాల తర్వాత అదే వరస కనిపిస్తే అడగాలి. అలాగే ఇయర్‌బడ్స్ ‘పోవడం’, వెండి పట్టీలు ‘కనపడకపోవడం’, యూపీఐ చిట్టాలో ఒకే పేరు మీద అయిదొందలూ వెయ్యీ పడుతుండటం.

వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. పదహారేళ్ళ వయసంటేనే గది తలుపేసుకోవడం, ముక్తసరిగా మాట్లాడటం. జాబితా చేత్తో పట్టుకుని పిల్లల మీద టిక్కులు పెడితే దేశంలో మిగిలే అమాయకులు ఉండరు.

కొంతమంది తల్లిదండ్రులు మెడికల్ షాపులోనో ఆన్‌లైన్‌లోనో యూరిన్ టెస్ట్ కిట్లు కొంటున్నారు. మామూలు స్ట్రిప్పుల్లో ఎండీఎంఏ రెండు మూడు రోజుల వరకే తెలుస్తుంది. ఎల్‌ఎస్‌డీ సాధారణంగా తెలియనే తెలియదు. ఇంట్లో తల్లిదండ్రులే ఇలాంటి పరీక్షలు చెయ్యడం మంచిది కాదని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం చాలాకాలంగా చెబుతోంది. నెగెటివ్ వస్తే తప్పుడు ధీమా, పాజిటివ్ వస్తే యుద్ధం. ఏది వచ్చినా ఆ తర్వాత బాత్రూమ్ బయట కాపలా నిలబడ్డ తండ్రితో ఆ పిల్ల మనసు విప్పి మాట్లాడదు. పరీక్ష అవసరమైతే డాక్టరు చెయ్యాలి.

స్కూళ్ళు ఏం చేస్తున్నాయి? మాదకద్రవ్యాల వ్యతిరేక దినం జూన్ 26 రాగానే అసెంబ్లీలో చెయ్యి ముందుకి చాపి ప్రతిజ్ఞ, ప్లకార్డులతో చౌరస్తా దాకా ర్యాలీ, ఎస్సైగారి ప్రసంగం, ఫొటో. ఈ పద్ధతికి అమెరికాలో భారీ ప్రయోగమే జరిగింది. 1983లో లాస్ ఏంజెలెస్‌లో ‘డేర్’ అనే కార్యక్రమం మొదలైంది. యూనిఫాంలో ఉన్న పోలీసు క్లాసుకొచ్చి డ్రగ్స్ వద్దని చెప్పేవాడు. దేశమంతా పాకింది, కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఆ పాఠాలు విన్న పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంటాడి చూసిన పరిశోధకులకి విననివాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

తేడా కనపడింది ఐస్‌లాండ్‌లో. 1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో 42 శాతం గడచిన నెలలో ఒక్కసారైనా తాగి తూలినవాళ్ళే. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. గంజాయి రుచి చూసినవాళ్ళు 17 నుంచి 7కి, రోజూ సిగరెట్ కాల్చేవాళ్ళు 23 నుంచి 3కి తగ్గారు. మంత్రమేమీ వెయ్యలేదు. ఆటలకీ సంగీతానికీ ప్రభుత్వం డబ్బు పెట్టింది. పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు చలికాలంలో రాత్రి పది దాటాక పెద్దవాళ్ళు లేకుండా వీధిలో ఉండకూడదని చట్టం చేసింది. అన్నిటికన్నా పదునైన పని తల్లిదండ్రులది. ఒక క్లాసు పిల్లల అమ్మానాన్నలంతా కలిసి ఒప్పందం రాసుకున్నారు. శని, ఆదివారాల రాత్రులు జట్లుగా వీధుల్లో నడిచారు. ‘అందరి ఇళ్ళల్లో పంపిస్తున్నారు, నువ్వే పంపట్లేదు’ అన్న పిల్లల బ్రహ్మాస్త్రం అక్కడితో తుస్సుమంది. అందరి ఇళ్ళల్లోనూ పంపట్లేదని అందరికీ తెలుసు మరి.

మన దగ్గర ఆ పని మొదలుపెట్టడానికి చట్టం అక్కర్లేదు. పిల్లవాడి అయిదుగురు దగ్గరి స్నేహితుల అమ్మానాన్నల ఫోన్ నంబర్లు ఎంతమంది దగ్గర ఉన్నాయి? అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ గురించి నలభై మెసేజ్‌లు పెట్టుకునే మనం, ‘మీ అబ్బాయి మా ఇంటికి కంబైన్డ్ స్టడీకి వచ్చాడు, భోంచేశాడు’ అని ఒక్క మాట చెప్పుకోం. ఫామ్‌హౌస్ బర్త్‌డేలన్నీ పుట్టేది ఈ రెండిళ్ళ మధ్య ఉన్న ఖాళీలోంచే.

తెలుగు పిల్లల విషయంలో మరో గుంట ఉంది. ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్ గది, స్టడీ అవర్, నెలకో అవుటింగ్. ఫోన్ కూడా వార్డెన్ దగ్గరే. ఈఏపీసెట్ ర్యాంకు రాగానే బీటెక్ మొదటి ఏడాదిలో ఒక్కసారిగా బైకు, స్మార్ట్‌ఫోన్, యూపీఐ, పేయింగ్ గెస్ట్ గది. వద్దు అనడం నేర్చుకునే వయసులో వాళ్ళకి వద్దనే అవకాశమే రాలేదు, అన్నిటికీ వార్డెనే వద్దన్నాడు. ముందువెనకలు ఆలోచింపజేసే మెదడు ముందు భాగం పూర్తిగా పక్వమవడానికి పాతికేళ్ళు పడుతుందంటారు. పద్దెనిమిదికే పగ్గాలన్నీ ఒకేసారి వదిలేసే బదులు పదిహేనో ఏటి నుంచి కొంచెం కొంచెంగా వదలడం మేలు.

మాట్లాడటం ఎప్పుడు? ఎదురెదురుగా సోఫాలో కూర్చోబెట్టి ‘నీతో మాట్లాడాలి’ అంటే అది విచారణే. బండి మీద వెనక కూర్చుని వెళ్తున్నప్పుడు, కరెంటు పోయి మేడ మీద కూర్చున్నప్పుడు, మొహాలు కనపడని చోట పిల్లలు తేలిగ్గా మాట్లాడతారు. ‘మీ క్లాసులో ఎవరు తీసుకుంటున్నారో చెప్పు’ అంటే ‘ఏమో నాన్నా, నాకేం తెలుసు’ అనే వస్తుంది. ‘ఎండీఎంఏ తీసుకుని నీళ్ళు ఎక్కువ తాగితే ప్రమాదమట, నువ్వు విన్నావా?’ అంటే కనీసం ‘అవునా?’ అంటాడు. మొదటి బిళ్ళ ఇచ్చేది మూలమలుపులో మఫ్లర్ కట్టుకున్న అపరిచితుడు కాదు. ఎక్కువసార్లు స్నేహితుడే, అదీ ఊరికే. స్నేహితుడికి కాదని చెప్పడానికి పిల్లలకి ఒక సాకు కావాలి. ఆ సాకు అమ్మానాన్నలే ఇచ్చి పంపాలి. ‘మా నాన్న సంగతి నీకు తెలీదురా, ఇంటికెళ్ళగానే టెస్ట్ చేయిస్తాడు’ అని చెప్పుకోనివ్వండి. ఆ అబద్ధంలో విలన్ అయినందువల్ల ఏ తండ్రికీ నష్టం లేదు.

ఇంకో ఏర్పాటు కొన్ని దేశాల్లో కుటుంబాలు చేసుకుంటున్నాయి, మన ఇళ్ళకి అతికినట్టు సరిపోతుంది. ముందే ఒక మాట అనుకుంటారు. పార్టీలో ఇబ్బందిగా ఉంటే కూతురు ‘అమ్మా, నా చార్జర్ ఇంట్లోనే ఉందా?’ అని మెసేజ్ పెడుతుంది. రెండు నిమిషాల్లో అమ్మ ఫోన్ చేస్తుంది. ‘అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదమ్మా, ఇప్పుడే బయల్దేరాలి, నాన్న వస్తున్నారు, లొకేషన్ పంపు’ అంటుంది. స్నేహితుల ముందు పిల్ల మొహం చెల్లుతుంది. దారిలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకూడదన్నది ఇందులో కష్టమైన నియమం, చాలామంది పెద్దవాళ్ళు ఫెయిలయ్యేది ఇక్కడే.

అప్పటికే అలవాటైపోతే అది మానసిక వైద్యుడి పని. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఉన్న డీ-అడిక్షన్ కేంద్రం ఎక్కడో చెబుతారు. ప్రైవేటు కేంద్రంలో చేర్పించేముందు దానికి రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు రోజూ వస్తారా, పిల్లలకి విడిగా వార్డు ఉందా, వారానికోసారైనా కలవనిస్తారా అని అడగండి. ‘కొడితే మారతాడు’ అనే చోటు నుంచి పిల్లవాణ్ణి వెంటనే ఇంటికి తెచ్చుకోండి. అమ్మేవాళ్ళ గురించి సమాచారం ఇవ్వాలంటే తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972. రెండు చోట్లా వీటిని చూసే పోలీసు విభాగం పేరు ‘ఈగల్’.

ఈ నంబర్లు ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టండి. వాటి పైన మీ నంబరు ఉండాలి. ఈ ఆదివారం భోజనాల దగ్గర పిల్లలకి చెప్పండి: ‘‘ఏ రాత్రయినా, ఎక్కడున్నా, ఏం తీసుకున్నా సరే ముందు మాకు ఫోన్ చెయ్యి. వచ్చి తీసుకొస్తాం. తిట్లు ఏమైనా ఉంటే రెండు రోజులయ్యాక.’’